బల్లార్షాలో కొత్త ఇల్లు: ఏ గదికి చెక్క ఫ్లోరు, ఏ గదికి వద్దు

నమస్తే అండీ. మీ ప్రశ్న నిదానంగా చదివాను. మహారాష్ట్ర బల్లార్షాలో కిందా పైనా కలిపి రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. స్లాబులు పడ్డాయి, ప్లాస్టరింగ్ నడుస్తోంది. హైదరాబాద్‌లో బంధువుల ఫ్లాట్‌లో చెక్క ఫ్లోరు చూసి ముచ్చటపడ్డారు. హాలు, మూడు పడకగదులు, పూజగది, వంటగది, మెట్లు... దేనికి ఏ చెక్క అని అడిగారు. షోరూంలో 7 అంగుళాల వెడల్పు వైట్ ఓక్ పలకలు చూపించారు, మీ మేస్త్రీ టేకు అన్నాడు, మీ తమ్ముడు లామినేట్ చాలన్నాడు. అమ్మానాన్నలు కింది గదిలో ఉంటారని, అమ్మగారికి పండగొస్తే ఇల్లంతా నీళ్లు పోసి కడిగే అలవాటని కూడా రాశారు. చివర్లో, సిరొంచలో తాతగారి పెంకుటిల్లు విప్పితే వచ్చిన టేకు దూలాలు ఉన్నాయి, అమ్మేద్దామనుకుంటున్నాం అని ఒక్క ముక్క అన్నారు.

ముందు ఆ చివరి ముక్కకే జవాబు చెబుతాను. ఆ దూలాలు అమ్మకండి. మీ ఇంట్లో వేయదగ్గ చెక్కల్లో వాటికి మించింది ఏ షోరూంలోనూ మీకు దొరకదు. కారణం వివరంగా చెబుతాను. నేనూ సిరొంచ వైపువాణ్ణే. సామిల్లు పనితో మొదలుపెట్టి చాలా ఏళ్లుగా చంద్రపూర్, నాగపూర్, మంచిర్యాల వైపు చెక్క ఫ్లోర్లు వేయిస్తున్నాను.

మన ప్రాంతంలో చెక్క పేరు కంటే ముందు చూడాల్సింది, ఆ గదిలో ఏడాది పొడవునా గాలి ఎలా ఉంటుందన్నది. కోసి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి పరిచాక కూడా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. పొడవులో మార్పు ఉన్నా లేనట్టే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది మన వైపు అక్షరాలా నిజం. మేలో 45 డిగ్రీలు దాటడం మామూలు, మధ్యాహ్నం గాలిలో తేమ 20 శాతం లోపుకు కూడా పడిపోతుంది. అదే జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే 80 శాతం పైనే. గాలిలో తేమ 30 శాతం దగ్గర ఉంటే చెక్కలో నీరు దాని ఎండు బరువులో 6 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో 80 శాతం ఉంటే 16 శాతం దాకా పోతుంది. ఇంట్లో పరిచిన చెక్కకు పాలిష్ ఉంటుంది, తలుపులు మూసి ఉంటాయి కాబట్టి అంత దూరం పోదు. కానీ 8 నుంచి 13 శాతం దాకా వెళ్లి వస్తుందనే లెక్క వేసుకోవాలి.

ఈ 5 శాతం తేడాకు ఏమవుతుందో చూడండి. మామూలు కోత టేకు పలక 90 మిల్లీమీటర్ల వెడల్పుది అయితే 0.8 మిల్లీమీటరు పెరుగుతుంది. అదే వెడల్పు వైట్ ఓక్ అయితే 1.6 పెరుగుతుంది, అంటే దాదాపు రెట్టింపు. మీకు చూపించిన 7 అంగుళాల పలక ఘనమైన ఓక్ అయితే, అంటే పొరలు అతికించింది కాకుండా మందమంతా ఒకే చెక్క అయితే, ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్ల పైనే కదులుతుంది. 10 అడుగుల గది మొత్తానికి కలిపితే టేకు 28 మిల్లీమీటర్లు, ఓక్ 55 మిల్లీమీటర్లు. మేకులు, జిగురు కొంత ఆపుతాయి, కానీ ఆ ఒత్తిడి ఎటో ఒకవైపు బయటపడక తప్పదు.

అమ్మేవాళ్లు ముందు గట్టిదనం నంబరు చెబుతారు. జాంకా పరీక్ష అంటారు దాన్ని. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. టేకుకు అది వెయ్యి పౌండ్ల పైచిలుకు, వైట్ ఓక్‌కు 1,350 దగ్గర, హార్డ్ మేపుల్‌కు 1,450. ఆ లెక్కన టేకు వెనకబడినట్టే కనిపిస్తుంది. నిజమే, బరువైన గిన్నె పడితే టేకు మీద సొట్ట కాస్త తొందరగా పడుతుంది. కానీ ఇంట్లో సొట్ట పడితే ఒక మచ్చతో పోతుంది, ఫ్లోరు ఉబ్బి లేస్తే గది మొత్తం పోతుంది. చలిదేశాల్లో హీటర్లు పెట్టుకుని గాలి తేమను ఒక తీరుగా ఉంచుకునే ఇళ్లలో గట్టిదనం నంబరుకు విలువ ఎక్కువ. మన దగ్గర కదలిక తక్కువ ఉన్న చెక్కకే విలువ ఎక్కువ.

చంద్రపూర్‌లో ఒక ఇంటికి నన్ను ఆగస్టులో పిలిచారు. మేలో బయటి ఊరి వాళ్లెవరో వచ్చి ఘనమైన ఓక్ వేసి వెళ్లారట. గది మధ్యలో రెండు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని బెత్తెడు ఎత్తు లేచి ఉన్నాయి. కాలితో నొక్కితే దిగుతాయి, తీస్తే మళ్లీ లేస్తాయి. గోడ పక్కన స్కర్టింగ్ ఊడి ముందుకు వచ్చింది. తలుపు సగం తెరుచుకుని చెక్కకు తట్టుకుని ఆగిపోతోంది. ఆ ఇంటాయన ఎక్కడో పైపు లీకైందని గోడ పగలగొట్టించబోతున్నాడు. పలకలు లేపి చూస్తే కింద సిమెంటు పొడిపొడిగా ఉంది. లీకేజీ ఎక్కడా లేదు, చెక్కలోకి వచ్చింది ఒట్టి గాలి తేమ. మే ఎండకు ఎముకలా ఎండిన పలకలను గోడకు ఆనించి, వేలు దూరే సందు కూడా వదలకుండా బిగించేశారు. వానలకు అవి పెరగడానికి చోటు లేక పైకి లేచాయి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: కూలర్. విదర్భలో ప్రతి ఇంటి కిటికీకీ ఎండాకాలం గడ్డి కూలర్ ఉంటుంది. అది నడిచే గదిలో బయట ఎంత పొడిగా ఉన్నా లోపల తేమ 60, 70 శాతానికి పోతుంది. రాత్రంతా తడిగాలి, పొద్దున ఆపేశాక వడగాలి. అంటే ఏడాదిలో ఒకసారి రావాల్సిన కదలిక ఆ గదిలో రోజూ కొంత కొంత జరుగుతుంది. కిటికీ కింద నీళ్ల చుక్కలు, తుంపర సంగతి సరేసరి. ఏసీ ఉన్న గది దీనికి పూర్తిగా వేరు. వానాకాలం కూడా తేమను లాగేసి మధ్యస్థంగా ఉంచుతుంది. కాబట్టి నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది, ఏ గదికి ఏసీ, ఏ గదికి కూలర్ అని. కూలర్ గదిలో ఘనమైన చెక్క వేయను. ఇంజినీర్డ్ చెక్క కూడా మనసొప్పి వేయను. మీ మూడు పడకగదుల్లో దేనికి ఏది పెడుతున్నారో మీరు రాయలేదు. ఎలక్ట్రికల్ పాయింట్లు పెట్టకముందే అది తేల్చుకోండి.

ఇప్పుడు గదుల సంగతి. మీ పై అంతస్తులో మీ దంపతుల గదికి ఏసీ పెడతారనుకుంటున్నాను. నన్నడిగితే తాతగారి దూలాలు ఆ గదికే. పడకగదిలో చెప్పులు తిరగవు, నీళ్లు పడవు, సామాను జరపడం తక్కువ. ఎండాకాలం రాత్రి చెప్పుల్లేకుండా నడిస్తే టైల్‌లా వేడి పట్టి ఉండదు, చలికాలం తెల్లవారుజామున పాదానికి జిల్లుమనదు. చెక్క ఫ్లోరు సుఖమంతా ఈ గదిలోనే తెలుస్తుంది. డబ్బు ఒక్క గదికే సరిపోయేలా ఉంటే ఒక్క గదికే వేయండి, కానీ పూర్తిగా వేయండి. నాలుగు గదుల్లో నాసిరకం వేసుకుని అయిదేళ్లకు పీకించుకున్న ఇళ్లు నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

ఆ గదికి ఆనుకుని బాత్రూం ఉంటుంది కదా. బాత్రూం గడప ముందు ఒక అడుగున్నర మేర రాయి గానీ టైల్ గానీ వేయించి, అక్కణ్ణుంచి చెక్క మొదలుపెట్టండి. తడి కాళ్లతో బయటికి వచ్చేవాళ్లు మొదటి రెండడుగులు వేసేది అక్కడే. అన్ని ఇళ్లలోనూ చెక్క మొదట నల్లబడేది ఆ చోటే.

పిల్లల గది మేడ మీద పడమటి వైపు ఉందన్నారు. పైన స్లాబు ఎండ, కిటికీలోంచి నేరుగా పడే ఎండ, రెండూ ఆ గదికే. అక్కడ ఏసీ ఉంటే ఇంజినీర్డ్ చెక్క వేయండి. అంటే పైన అసలు టేకు పొర, కింద అడ్డదిడ్డంగా అతికించిన ప్లైవుడ్ పొరలు. ఒక పొర కదలాలని చూస్తే దాని కింది పొర పట్టి ఆపుతుంది కాబట్టి కదలిక బాగా తగ్గుతుంది. కొనేటప్పుడు పలకను పక్కకు తిప్పి అంచు చూడండి. పై పొర అర మిల్లీమీటరు ఉంటే అది ఒక్కసారి కూడా గీకి పాలిష్ చేయడానికి పనికిరాదు. 3, 4 మిల్లీమీటర్లు ఉంటే పదేళ్ల తర్వాత గీకించి మళ్లీ కొత్తగా చేసుకోవచ్చు. కింది ప్లైవుడ్ ఏ రకమో అడగండి, తడికి విడిపోని ఐఎస్ 710 రకం అయితే మంచిది. మెత్తటి పాప్లర్ పొరలున్న దిగుమతి సరుకు చెదలకు పాయసంతో సమానం. పిల్లల గదికి కూలరే అయితే టైలే వేసేయండి, పెద్దయ్యాక చూసుకోవచ్చు.

అమ్మానాన్నల గదికి చెక్క వద్దంటాను. ఇది కఠినంగా అనిపించొచ్చు కానీ బాగా ఆలోచించి చెబుతున్నాను. కింది అంతస్తు, నేల నుంచి తేమ పైకి వస్తుంది. వార్ధా లోయలో చాలాచోట్ల ఉన్నట్టు మీ స్థలం కూడా నల్లరేగడి అయితే వానాకాలం నేల ఉబ్బడం, ఎండాకాలం దిగడం అదనం. పెద్దవాళ్ల గదిలో మంచం పక్కన నీళ్ల చెంబు, మందులు, రాత్రిపూట బాత్రూంకి వెళ్లి రావడం, రేపు ఏదైనా ఒంట్లో బాగోకపోతే తడి ఎక్కువ కావడం, ఇవన్నీ ఉంటాయి. అక్కడ కావాల్సింది కాలు జారకపోవడం, తేలిగ్గా శుభ్రం కావడం. గరుకు తలం ఉన్న మ్యాట్ టైల్ చాలు. చల్లగా ఉంటుందని నాన్నగారికి ఇబ్బంది అయితే ఎస్‌పీసీ పలకలు వేయొచ్చు. అవి చెక్క కావు, సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసినవి. నీళ్లకు ఏమీ కావు, పాదానికి టైలంత చల్లగా ఉండవు. ఇంకొకటి, అమ్మగారు పండక్కి బకెట్లతో నీళ్లు పోసి కడుగుతారని మీరే రాశారు. డెబ్బయి ఏళ్ల అలవాటును ఆవిడ చేత మాన్పించి, చెక్క తడుస్తుందేమోనని రోజూ ఆవిడకు టెన్షన్ పెట్టడం న్యాయం కాదు. కింది అంతస్తు మొత్తం ఆవిడ ఇష్టం వచ్చినట్టు కడుక్కునేలా ఉండనివ్వండి.

హాలుకూ ఇదే మాట. బల్లార్షా, చంద్రపూర్‌లలో గాలిలో బొగ్గు ధూళి, బూడిద, సిమెంటు దుమ్ము ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పొద్దున తుడిచిన టీపాయ్ సాయంత్రానికి వేలితో గీత గీసేలా ఉంటుంది. ఆ దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఏ పాలిష్ కంటే అయినా గట్టిది. పదిమంది తిరిగే హాలులో ఏడాదికల్లా సోఫా ముందు, గుమ్మం దగ్గర మెరుపు చచ్చిపోతుంది. కింది హాలుకు విట్రిఫైడ్ టైల్ గానీ పాలిష్ పట్టిన తాండూరు రాయి గానీ వేయండి. చెక్క అందం హాలులో కూడా కావాలంటే మెట్లకు తెచ్చుకోండి, హాలులో కూర్చున్నవాళ్లకు కనిపించేవి అవే.

వంటగదిలో వద్దు. నీళ్లు, నూనె, సిలిండర్ దొర్లించడం, ఇంతకంటే చెప్పడానికేం లేదు. పూజగదిలోనూ వద్దు. దీపం నూనె కారుతుంది, హారతి కర్పూరం నిప్పు పడుతుంది, అభిషేకం నీళ్లు, కొబ్బరినీళ్లు, పసుపు, కుంకుమ పడతాయి. నేలకు రాయి వేసి, తలుపులకు, మందిరానికి టేకు వాడుకోండి. బాల్కనీలో షోరూం ఫొటోల్లో ఉండే చెక్క డెక్ మన ఎండకూ వానకూ ఏటా నూనె పట్టిస్తేనే నిలుస్తుంది. ఓపిక ఉంటేనే ఆ జోలికి పోండి.

మెట్లకు టేకు బాగా నప్పుతుంది. అడుగు వేసే పలక ఒకటిన్నర అంగుళం మందం ఉంచి, ముందు అంచును గుండ్రం చేయించి, అంచుకు అంగుళం వెనక రెండు మూడు సన్నటి గాడులు తీయించండి, కాలు జారదు. నిలువు భాగానికి తెల్ల టైలు వేసుకోవచ్చు, చెక్క ఆదా అవుతుంది. కానీ ఒక జాగ్రత్త ఉంది. మెట్లు కాంక్రీటులో పోసేశారు కాబట్టి, కింద హాలు నేల ఎంత లేస్తుంది, మెట్టు పలక ఎంత లేస్తుంది, పైన నేల ఎంత లేస్తుంది అన్నది మేస్త్రీ దగ్గర కూర్చుని ఇప్పుడే లెక్క వేయించండి. లేకపోతే మొదటి మెట్టు ఒక ఎత్తు, చివరి మెట్టు ఒక ఎత్తు అవుతాయి. కాలు ఒక ఎత్తుకు అలవాటు పడ్డాక చివర్లో అంగుళం తేడా వస్తే పెద్దవాళ్లు పడిపోతారు.

ఇక చెక్క. మన టేకు గురించి కొంచెం గర్వంగానే చెబుతాను. బజార్లో సీపీ టేకు అంటారే, బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్ రోజుల నుంచి ఉన్న పేరు అది, మన అడవులదే. గడ్చిరోలి జిల్లా ఆలపల్లి దగ్గర సహజంగా పెరిగిన టేకు అడవిని కొట్టకుండా అట్టేపెట్టారు, గ్లోరీ ఆఫ్ ఆలపల్లి అంటారు, 2014లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. అయోధ్య రామమందిరం తలుపులకు 2023 మార్చిలో మీ ఊరి నుంచే టేకు ఊరేగింపుగా వెళ్లింది. ఇంటి పక్కన ఇలాంటి చెక్క పెట్టుకుని సముద్రాలు దాటి వచ్చిన ఓక్ కోసం వెతకడం ఎందుకు? టేకు తక్కువ కదులుతుంది, దాని చేవలో, అంటే మాను లోపలి ముదురు రంగు గట్టి భాగంలో, సహజంగా నూనె ఉంటుంది, చెద పురుగు దాని జోలికి రాదు. అయితే ఇదంతా చేవ సంగతే. చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగాన్ని చెద, పుచ్చు పురుగు రెండూ తింటాయి. ఆఫ్రికా నుంచి వచ్చే తోట టేకు చాలావరకు చిన్న వయసులో కొట్టింది, తెల్ల భాగం ఎక్కువ. రంగు పూసి అమ్ముతారు. కొనాల్సి వస్తే పాలిష్ వేయని పలకే చూపించమనండి.

నల్లమద్ది గట్టిది, చవక, కానీ ఆరేటప్పుడు పగులుతుంది, వంగుతుంది. దర్వాజాలకు వాడుకోవచ్చు, ఫ్లోరుకు వద్దు. వేగిస మంచిదే, కానీ తడి తగిలితే పసుపు రంగు దిగుతుంది.

కొత్త టేకు కొంటే డిపో ముద్ర, రవాణా పాసు ఉన్న సరుకే కొనండి. ప్రాణహిత ఒడ్డున రాత్రిపూట చేతులు మారే కలప చవకగా వస్తుందని ఎవరైనా అంటే వినకండి. పట్టుబడితే కేసు, పైగా అది పచ్చి కలప, మీ ఇంట్లో పరిచాక ఆరుతుంది. మీ పాత దూలాలను సిరొంచ నుంచి తెచ్చేటప్పుడు కూడా ఇంటి కాగితాలు, విప్పకముందు తీసిన ఫొటోలు పట్టుకుని అటవీ రేంజి ఆఫీసుకు వెళ్లండి. కావలసిన పాసు చేతికొచ్చాకే లారీ ఎక్కించండి.

ఆ దూలాలు ఎందుకు అంత విలువైనవంటే, పెద్ద చెట్ల చేవతో చేసినవి, ఇంటి కప్పు కింద ఎన్నో ఎండాకాలాలు, వానాకాలాలు చూసి కదలాల్సినంత కదిలి కుదురుకున్నాయి. కోయించే ముందు మేకులన్నీ పీకించండి. విరిగి లోపల ఉండిపోయినవి కంటికి కనిపించవు, మెటల్ డిటెక్టర్ పెట్టి వెతకాలి. ఒక్క మేకు తగిలినా రంపం పళ్లు పోతాయి, అందుకే సామిల్లు వాళ్లు పాత కలప అంటే మొహం తిప్పుకుంటారు. డిటెక్టర్‌తో చూశామని చెబితే ఒప్పుకుంటారు. దూలం నడుమ బెండు ఉన్న భాగాన్ని తీసేయమనండి. చెట్టు వలయాలు పలక పై తలానికి నిలువుగా వచ్చేలా కోయించండి. అలా కోస్తే పలక మీద కొండల్లాంటి డిజైన్ రాదు, నిటారు గీతలు వస్తాయి. కదలిక మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. 10 అడుగులకు 28 అన్నానే, అది 15 మిల్లీమీటర్లకు వస్తుంది. పలక 3, మూడున్నర అంగుళాలకు మించొద్దు. సన్న పలకలయితే ఎండాకాలం వచ్చే సందు గది మొత్తానికి పంచుకుపోతుంది, కంటికి ఆనదు.

ఎంత చెక్క కావాలో లెక్క ఇలా వేసుకోండి. ఒక ఘనపుటడుగును అంగుళం మందాన కోస్తే కాగితం మీద 12 చదరపు అడుగులు. రంపపు పొట్టు, రందా, గాడి తీయడం, పాడైన ముక్కలు పోను చేతికి వచ్చేది 7, 8. పాత దూలాల్లో మేకు రంధ్రాలు పోను 6 అనుకోండి. మీ పడకగది 12 అడుగులకు 10 అయితే 20 ఘనపుటడుగుల దూలాలు కావాలి. మిగిలితే మెట్లకు.

కోసిన పలకలను మధ్యలో సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా వరసలు పేర్చి, నీడలో ఉంచండి. దూలం పైన ఎండినా లోపలి భాగం ఇప్పుడే గాలి చూస్తోంది. చివరి మూడు వారాలు అదే గదిలో ఉంచాలి, అప్పటికి ప్లాస్టరింగ్, పుట్టీ, మొదటి కోటు రంగు అయిపోయి ఉండాలి. తేమ కొలిచే పిన్ మీటరు ఒకటి ఉంటుంది, పెద్ద ఖరీదేం కాదు, మీ వడ్రంగి దగ్గర లేకపోతే మీరే కొనండి. పలక 10, 11 శాతం చూపించినప్పుడు పరచడం మొదలుపెట్టాలి. పలకల కింద వేసే సన్నటి చెక్క పట్టీలు, అంటే రీపర్లు, వాటికీ పలకకూ తేడా 2, 3 శాతం దాటొద్దు. మన దగ్గర ఆ అంకె సహజంగా కుదిరేది వానలు వెళ్లిపోయాక, దసరాకూ దీపావళికీ మధ్య నుంచి నవంబరు దాకా. మేలో వేస్తే వానల్లో లేస్తుంది, ఆగస్టులో వేస్తే ఏప్రిల్‌లో సందులు పడతాయి. గృహప్రవేశం ముహూర్తం తొందరైతే ఆ గది ఒక్కటీ తర్వాత వేయించండి, ముహూర్తానికి అది అడ్డం కాదు.

స్లాబు ఆరిందో లేదో చూడటానికి ఒకటిన్నర అడుగు చదరం ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రోజు వదలండి. తీసి చూస్తే అడుగున నీటి ఆవిరి గానీ, సిమెంటు నల్లబడటం గానీ ఉంటే ఇంకా ఆగాలి. కాంక్రీటు అంగుళం మందానికి ఒక నెల చొప్పున ఆరుతుందని మోటు లెక్క.

మిగతా గదుల్లో గచ్చు, టైల్ కలిపి స్లాబు మీద 2 అంగుళాలు లేస్తాయి. చెక్క వేసే గదిలో గచ్చు వేయొద్దని మేస్త్రీకి ఈ వారమే చెప్పండి. స్లాబు మీద 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు, జాయింట్ల దగ్గర అర అడుగు ఒకదానిమీదొకటి వచ్చేలా. దాని మీద చెద మందు పట్టించిన రీపర్లు అడుగు దూరానికొకటి, మట్టం చూసి. వాటి మీద 20 మిల్లీమీటర్ల పలక. లెక్క 2 అంగుళాలకే వస్తుంది, గుమ్మం దగ్గర మెట్టు రాదు. పలకలను గది పొడవు వెంట పరవాలి, అప్పుడు ఉబ్బే వైపు పొట్టి వైపు అవుతుంది. గోడల పక్కన నాలుగు వైపులా అరంగుళం ఖాళీ వదిలి, స్కర్టింగ్‌తో కప్పాలి. స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, పలకకు కొట్టకూడదు. మేకు పలక నాలుక దగ్గర, అంటే పక్క పలక గాడిలో దూరే అంచు దగ్గర, ఏటవాలుగా దిగాలి, పైన కనిపించకూడదు. పునాది దశలో చెద మందు కొట్టించారా? లేకపోతే కింది అంతస్తు గోడల వెంట ఇప్పుడైనా రంధ్రాలు వేసి కొట్టించండి. టేకును తినకపోయినా రీపర్లను, తలుపు చట్రాలను వదలవు.

పాలిష్‌కు పీయూ (పాలీయురేథేన్) మ్యాట్ చేయించండి, మూడు కోట్లు. ఫ్రెంచ్ పాలిష్ ఫర్నిచర్‌కు బాగుంటుంది, నేల మీద నీటి చుక్క పడితే తెల్ల మచ్చ వస్తుంది. టేకులో నూనె ఉంటుందని చెప్పాను కదా, గీకిన వెంటనే థిన్నర్‌తో తుడిచి అదే రోజు మొదటి కోటు వేయాలి, లేకపోతే ఏడాదిలో పొరలుగా ఊడుతుంది. గీకిన కొత్తలో టేకు రంగు పలక పలకకూ తేడాగా, అక్కడక్కడా నల్లచారలతో కనిపిస్తుంది. కంగారుపడి రంగు పూయించొద్దు. వెలుతురు తగిలే కొద్దీ కొన్ని నెలల్లో అంతా ఒకే తేనె రంగులోకి వస్తుంది. అప్పటిదాకా తివాచీ పరవకండి, పరిస్తే దాని కింది భాగం లేతగా ఉండిపోతుంది.

లామినేట్ గురించి మీ తమ్ముడికి ఒక మాట. పైన ఉండేది చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, కింద పీచుపొడి నొక్కి చేసిన బోర్డు. పొడి గదిలో, అద్దె ఇంట్లో, ఏడెనిమిదేళ్లకు సరిపెట్టుకుంటాం అనుకుంటే తప్పేం లేదు. కానీ జాయింట్లోకి ఒక్కసారి నీరు దిగితే అంచు ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత స్థితికి రాదు, గీకడానికీ ఉండదు. సొంత ఇంటికి, అదీ చేతిలో పాత టేకు పెట్టుకుని, నేనైతే వేయను.

తుడిచేటప్పుడు మెత్తటి చీపురు, ఆపై గట్టిగా పిండిన బట్ట, అంతే. ఫినాయిల్, సోపు నీళ్లు వద్దని పని మనిషికి మొదటి రోజే దగ్గరుండి చూపించండి. మంచం కాళ్లకు, బీరువా కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అతికించండి. అదే దూలాల్లోంచి వచ్చిన పలకలు ఓ పది పన్నెండు పక్కన తీసి, ఆ గది అటక మీదే పెట్టుకోండి. ఎప్పుడైనా ఒక పలక మార్చాల్సి వస్తే అదే చెట్టు చెక్క బయట దొరకదు. ఏసీ, కూలర్ సంగతి, స్థలం నల్లరేగడో కాదో, దూలాల కొలతలు రాస్తే మెట్లకు ఎంత మిగులుతుందో లెక్క వేసి చెబుతాను.